వాయిదా ఖరీదు

మా సీనియర్ గారి ఆఫీసు గోడకి రెండు కాగితాలు అంటించి ఉండేవి. ఒకటి కోర్టు సెలవుల పట్టిక, రెండోది ఆర్టీసీ బస్సుల టైములు. సెలవుల పట్టిక సీనియర్ గారిది, బస్సుల కాగితం గుమాస్తా గారిది. వినుకొండ వైపు నుంచి మొదటి బస్సు ఎన్నింటికొస్తుందో, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి పోతుందో ఆయనకి కంఠతా వచ్చు. అయినా టైములు మారినప్పుడల్లా కొత్త కాగితం రాసి అంటించేవారు. పార్టీ బస్సు దిగకముందే కేసు పిలిస్తే ఎక్స్‌పార్టీ అయ్యే, అంటే అతను లేకుండానే కేసు తేలిపోయే ప్రమాదం. సాయంత్రం దాకా పిలవకపోతే ఆఖరి బస్సు పోతుంది, ఆ మనిషి రాత్రికి కోర్టు అరుగు మీదే పడుకోవాలి. నా ప్లీడరు చదువు ఆ రెండో కాగితంతో మొదలైందని ఇప్పటికీ అనుకుంటాను.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా పూర్తి చేసి 1979లో ఎన్‌రోల్ అయ్యాను. దానికోసం నాన్నతో హైదరాబాద్ వెళ్లినప్పుడు మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనాన్ని మొదటిసారి చూశాను. నాన్న ఆ గుమ్మటాల వంక చాలాసేపు చూసి, అంతకు ముందు ఏడాదే జస్టిస్ అమరేశ్వరి గారు అక్కడ జడ్జి అయ్యారని, మన హైకోర్టులో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ ఆవిడేనని చెప్పారు. నాకు తెలిసిన సంగతే. కానీ ఆయన నోట వినడం వేరు. బంధువులందరూ పెళ్లి సంబంధాల గురించి అడుగుతున్న రోజుల్లో ఆయన నాకు నల్ల కోటు కుట్టించారు.

నేను ప్రాక్టీసు పెట్టింది పల్నాడులో ఒక తాలూకా ఊళ్లో. ఆ బార్‌లో ఆడప్లీడరుని నేనొక్కదాన్నే. సీనియర్ గారు చట్టం చెప్పేవారు, గుమాస్తా గారు కోర్టు చెప్పేవారు. వకాల్తా మీద స్టాంపు ఎక్కడ అంటించాలి, సాక్షికి బత్తా ఎంత కట్టాలి, కాపీ అప్లికేషన్ ఏ పూట ఇస్తే ఏ పూట కదులుతుంది, ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఒకరోజు సాక్షికి తేదీలు వల్లె వేయిస్తుంటే పక్కనుంచి, "అమ్మాయి గారూ, ముందు అన్నం తిన్నాడేమో అడగండి. ఆకలి మీద బోనెక్కితే సొంత కొడుకు పేరు కూడా తడబడతాడు" అన్నారు. ఆ మనిషి తెల్లవారుజామున ఊళ్లో బయల్దేరాడు. ఏమీ తినలేదు. తరవాత నేను జడ్జినైనప్పుడు మధ్యాహ్నం రెండింటికి బోనులో తడబడిన సాక్షిని చూసి వెంటనే అబద్ధాలకోరు అనుకోకుండా ఉండడానికి కారణం గుమాస్తా గారి ఆ ఒక్క మాటే.

ఆ రోజుల కేసుల్లో నా మనసులో నిలిచిపోయింది ఒక గట్టు తగాదా. ఎకరన్నర మిరప చేను. పక్క చేనువాడు గట్టు జరిపాడని మా పార్టీ ఇంజక్షన్ దావా వేశాడు. స్వాధీనం రుజువు చెయ్యాలంటే అడంగల్ కావాలి, అడంగల్ రాసిన కరణం సాక్ష్యం కావాలి. దావా నడుస్తుండగానే 1984లో ప్రభుత్వం కరణాలు, గ్రామ మునసబుల వ్యవస్థని రద్దు చేసింది. ఊరి లెక్కలు కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని ఎక్కడున్నాయో తెలియదు. మరుసటి ఏడు మండలాలొచ్చి తాలూకా ఆఫీసే చీలింది. పాత కరణం గారు, "నాకిప్పుడు ఉద్యోగమే లేదు, సాక్ష్యం ఏమిటి" అని రానన్నారు. ప్రతిదానికీ ఒక వాయిదా. ఒక్కో వాయిదాకి మా పార్టీ తనతో పాటు ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చేవాడు. ముగ్గురి బస్సు చార్జీలు, హోటల్లో టిఫిను, భోజనం, ఆ ఇద్దరికీ పోయిన కూలి, అన్నీ అతనివే. కోర్టు హాల్లో ఆ వాయిదా వెయ్యడానికి పట్టేది ఒక్క క్షణం. బెంచి క్లర్కు కేసు నంబరు పిలుస్తాడు, అవతలి వైపు నుంచి ఎవరో లేచి "టైం" అంటారు, తేదీ పడుతుంది.

ఒకరోజు బయట చింతచెట్టు కింద అతను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. ఆ గట్టు కింద పోయిన నేల ఖరీదు కంటే వాయిదాలకి పెట్టిన ఖర్చు ఎక్కువైంది. "మరెందుకు తిరుగుతున్నావయ్యా, రాజీ పడొచ్చుగా" అన్నాను. "అమ్మా, ఇప్పుడు మానేస్తే అబద్ధం నాదని ఊరంతా అంటారు" అన్నాడు. ఆ కేసు గెలిచాం. గెలిచిన రోజు అతను నాకు దండం పెట్టి ఎండుమిరపకాయల సంచి ఇవ్వబోతే తీసుకోలేకపోయాను.

డిస్ట్రిక్ట్ మునసబు పోస్టులకి ప్రకటన పడగానే దరఖాస్తు పెట్టడానికి ఆ లెక్కే కారణం. వాయిదా అడిగే చోట ఉండి దాన్ని ఆపలేకపోయాను, ఇచ్చే చోట కూర్చుంటే కొంతైనా ఆపగలనేమో అనిపించింది. సీనియర్ గారు నా దరఖాస్తు అంతా చదివారు. "ఆ కుర్చీలో కూర్చున్నాక నీ అభిప్రాయం తీర్పులో తప్ప ఇంకెక్కడా చెప్పడానికి వీల్లేదు. పెళ్లిళ్లకి, పేరంటాలకి వెళ్లాలన్నా ఆలోచించుకోవాలి. ఉండగలవా?" అని అడిగారు. ఉండగలనన్నాను. పరీక్ష, ఇంటర్వ్యూ అయ్యాయి. రాజ్యాంగం 234వ అధికరణం కింద గవర్నర్ పేరిట నియామకపు ఉత్తర్వు వచ్చింది. 1986లో ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో మునసబు మేజిస్ట్రేటుగా చేరాను. సివిలూ క్రిమినలూ ఒకే హాల్లో, ఒకే కుర్చీలో. ఉదయం అప్పు దావాలు, ప్రోనోట్లు, డిక్రీ అమలు కోసం వేసే ఈ.పీ.లు. మధ్యాహ్నం దొంగతనాలు, కొట్లాటలు.

చేరిన కొత్తలో చేసిన మార్పు చాలా చిన్నది. రోజూ హాల్లోకి వచ్చే ముందు, ఆ రోజు కేసుల జాబితాలో సాక్షులు నిజంగా వచ్చి ఉన్న కేసుల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టమని బెంచి క్లర్కుకి చెప్పాను. ఆ కేసులు ముందు పిలిచేదాన్ని. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 309వ సెక్షన్ చెప్పేది అదే. వచ్చిన సాక్షుల్ని విచారించకుండా వాయిదా వెయ్యకూడదు, వేస్తే ప్రత్యేక కారణం రాయాలి. చట్టంలో ఉన్నదాన్నే అమలు చేస్తున్నా, అలవాటు లేనివాళ్లకి కష్టమనిపించింది. బార్ పెద్దలు ఛాంబర్‌కి వచ్చారు. "మేడమ్, సబ్ కోర్టులో ఒక కేసు, ఇక్కడ ఒక కేసు, ఒకే టైముకి పిలిస్తే మేం ఎక్కడుండాలి?" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. ఆ రెండు కోర్టుల మధ్య పరుగు నేనూ తీశాను. కాబట్టి పక్క కోర్టులో ఉన్న ప్లీడరు కేసుని పాస్ ఓవర్ చేసి, ఆయన వచ్చాక పిలిచేదాన్ని. సాక్షిని మాత్రం పంపేదాన్ని కాదు. కేసు చదవలేదు కాబట్టి ఒంట్లో బాగాలేదని చెప్పే వాయిదా ఏదో, నిజంగా జ్వరంతో వచ్చి అడిగే వాయిదా ఏదో, ప్లీడరుగా పనిచేసిన మనిషికి గొంతులోనే తెలుస్తుంది. ఈ ఒక్కటీ ఏ పుస్తకమూ నేర్పదు.

రిమాండ్లకి వేళాపాళా ఉండదు. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి గనక అర్ధరాత్రి ఇంటికి తీసుకొచ్చేవారు. వరండాలో దీపం వేసి, కానిస్టేబుళ్లని గేటు అవతలకి పంపి, ముద్దాయిని రెండే అడిగేదాన్ని. కొట్టారా? ఇంట్లో ఎవరికైనా తెలుసా? మొదటిదానికి జవాబు తొందరగా రాదు. కాసేపు ఆగాలి. చొక్కా తియ్యమనాలి. దెబ్బలు కనిపిస్తే రికార్డులో రాసి ఆస్పత్రికి పంపాలి. సంతకం పెట్టించుకుని వెళ్లిపోదామని వచ్చిన ఎస్సైలకి ఈ ఆలస్యం నచ్చేది కాదు. దానికి నేనేం చెయ్యలేను. అదే కోడ్‌లోని 167వ సెక్షన్ మేజిస్ట్రేటుకి పని చెప్పింది, సంతకం మాత్రమే చెప్పలేదు.

1987 వేసవిలో ఒక రాత్రి ప్రభుత్వాసుపత్రి నుంచి కబురొచ్చింది. కాలిన గాయాలతో ఒకమ్మాయి ఉంది, మరణ వాంగ్మూలం తీసుకోవాలి. అప్పటికి వరకట్న మరణానికి ఐపీసీలో 304-బి సెక్షన్ వచ్చి ఏడాది కూడా కాలేదు. వార్డులో అరటాకుల మీద పడుకోబెట్టారు. తలాపున అత్తగారు, కాళ్ల దగ్గర భర్త, తలుపు దగ్గర పోలీసులు. అందరినీ బయటికి పంపించాను. డ్యూటీ డాక్టరు చూసి, స్పృహలో ఉంది, చెప్పగలిగే స్థితిలో ఉంది అని రాసిచ్చారు. నేనెవరో చెప్పాను. పేరు, ఊరు, ఇప్పుడు ఎక్కడున్నావు అని అడిగాను. సరిగ్గానే చెప్పింది. ఎవరికీ భయపడకుండా జరిగింది చెప్పమన్నాను.

ఆమె ఒక్కో మాటకీ ఆగి ఆగి చెప్పింది. అత్త కిరసనాయిలు పోసిందని, భర్త బయటినుంచి గొళ్లెం పెట్టాడని. నాలోని ప్లీడరుకి ఎన్నో ప్రశ్నలొచ్చాయి. అగ్గిపుల్ల ఎవరు గీశారు? అంతకు ముందు ఏం గొడవ జరిగింది? గొళ్లెం పెట్టింది అతనేనని ఎలా తెలుసు? అవి అడిగితే జవాబులు ఆమెవి కావు, నావి అవుతాయి. "ఇంకా ఏం జరిగింది?" అన్న ఒక్క ప్రశ్నే మళ్లీ మళ్లీ అడిగాను. ఆమె వాడిన మాటలే రాశాను, సరిదిద్దలేదు. చివరికి ఇంకేమైనా చెప్పాలా అంటే, "పాపను మా అమ్మకియ్యండి" అంది. అది నేరానికి సంబంధించిన మాట కాదు. అయినా రాశాను. చదివి వినిపిస్తే అవునంది. రెండు చేతులూ కాలిపోయి ఉండడంతో కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నాం. డాక్టరు చేత మళ్లీ సర్టిఫై చేయించి, కవరులో పెట్టి సీలు వేశాను. తెల్లారేసరికి ఆమె పోయింది.

ఆ కేసు సెషన్స్ కోర్టుకి వెళ్లాక వాంగ్మూలం రాసిన మేజిస్ట్రేటుగా నాకు సమన్లు వచ్చాయి. సాక్షిగా వెళ్లడం అదే మొదటిసారి. ఆ రోజు కేసు అందలేదు, వాయిదా పడింది. వరండాలో నాతోపాటు ఎదురుచూసింది పక్కింటావిడ. మంటలు చూసి మొదట బిందెతో నీళ్లు తెచ్చి పోసిన మనిషి. మిరపకాయల కోత పని మానుకుని వచ్చింది. నాకు ప్రయాణ భత్యం వస్తుంది, జీతం ఆగదు. ఆమెకి ఆ పూట కూలి పోయింది. "మళ్లీ ఎప్పుడు రావాలమ్మా?" అని నన్నే అడిగింది. వచ్చే వాయిదాకి ఆమె రాలేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు వచ్చారు గానీ, మధ్యలో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు కాబోలు, అల్లుడు మంచివాడని చెప్పి హాస్టైల్ అయ్యారు. పాప వాళ్ల దగ్గరికి చేరాలంటే అలా చెప్పాల్సి వచ్చిందని నా అనుమానం.

డిఫెన్స్ ప్లీడరు నన్ను గట్టిగా క్రాస్ చేశారు. అంతగా కాలిన మనిషి అంత వరసగా ఎలా చెప్పగలిగింది? పక్కన ఎవరైనా అందించారా? నేరానికి సంబంధం లేని ఆ పాప మాట ఎందుకు రాశారు? ఆమె చెప్పింది కాబట్టి రాశానన్నాను. నిలబడి జవాబులు చెబుతుంటే కాళ్లు వణకడం నాకే తెలుస్తోంది. చట్టం తెలిసిన నాకే అలా ఉంటే, మొదటిసారి బోనెక్కిన పల్లెటూరి మనిషి సంగతేమిటి? తీర్పులో సెషన్స్ జడ్జి గారు ఆ పాప మాటనే ఎత్తి చూపారు. వేరెవరో నేర్పిన వాంగ్మూలంలో ఆ మాట ఉండదని రాశారు. నమ్మదగ్గదైతే ఒక్క మరణ వాంగ్మూలం మీదే శిక్ష వెయ్యొచ్చని సుప్రీంకోర్టు 1957లో ఖుషాల్ రావు కేసులో చెప్పింది. ఈ అమ్మాయి కేసులో మిగిలిన ఆధారం ఆ వాంగ్మూలం ఒక్కటే. ఇద్దరికీ శిక్ష పడింది.

మనోవర్తి కేసులు నన్ను మరో రకంగా బాధపెట్టాయి. అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నెలకి 500 రూపాయలకి మించి రాయడానికి వీలుండేది కాదు. 1973 కోడ్‌లో పెట్టిన ఆ హద్దు 2001 సవరణ దాకా అలాగే ఉంది. భర్తకి మంచి జీతం ఉన్నా, బియ్యం ధర ఎంత పెరిగినా, నా కలం 500 దగ్గర ఆగాల్సిందే. ఆ ఉత్తర్వులు రాసిన ప్రతిసారీ ఆ అంకె వైపు చూడలేకపోయేదాన్ని. సవరణ వచ్చేనాటికి నేను మేజిస్ట్రేటు కోర్టు దాటి వచ్చేశాను. అయినా ఆ వార్త చదివినప్పుడు పాత పిటిషనర్ల ముఖాలు వరసగా గుర్తొచ్చాయి.

తరవాత పదోన్నతులు, బదిలీలు. మునసబు కోర్టులు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులయ్యాయి, సబ్ జడ్జిలు సీనియర్ సివిల్ జడ్జిలయ్యారు. నేనూ ఆ మెట్లన్నీ ఎక్కి జిల్లా జడ్జినయ్యాను. పిల్లల స్కూళ్లు మారాయి, ఇంట్లో సామాను పెట్టెల్లోంచి పూర్తిగా ఎప్పుడూ బయటికి రాలేదు. అదంతా ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1995 నవంబరులో అమల్లోకి వచ్చాక లోక్ అదాలత్‌లలో కూర్చోవడం నాకు బాగా నచ్చిన పని. మోటారు ప్రమాదాల కేసుల్లో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఏళ్ల తరబడి తిరగకుండా ఒకే రోజు తేల్చుకుని పోయేవారు. అవార్డు మీద అప్పీలు ఉండదు. అయితే ఒక జాగ్రత్త కావాలి. తిరగలేక తక్కువకి ఒప్పుకోవడం, ఇష్టపడి ఒప్పుకోవడం ఒకటి కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పిన అంకెకి ఆ ఇల్లాలు తలూపితే, వయసు, సంపాదన, పిల్లలు ఇవన్నీ వేసి కోర్టులో అయితే ఎంత రావచ్చో ఆమెకి లెక్క కట్టి చెప్పాకే సంతకం పెట్టనిచ్చేదాన్ని.

జిల్లా జడ్జిగా ఉన్నప్పుడు కొత్తగా చేరిన జూనియర్ సివిల్ జడ్జిలు నా పర్యవేక్షణలో ఉండేవారు. ఈ పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 1993లో ఆల్ ఇండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో అంది. జడ్జిల జీతభత్యాల మీద వేసిన శెట్టి కమిషన్ సిఫారసు తరవాత 2002లో అదే కేసులో ఆ నిబంధన తీసేసింది. దాంతో లా కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు బెంచి ఎక్కారు. చాలా తెలివైన పిల్లలు. తీర్పులు చక్కగా రాసేవారు. కానీ ఒకరి డాకెట్ చూస్తే, సాక్షి హాజరయ్యాడని, కేసు వాయిదా వేశామని పక్కపక్కనే రాసి ఉండేది, కారణం లేకుండా. పిలిచి అడిగితే, "ప్లీడరు గారు టైం అడిగారు మేడమ్" అనేవారు. ఆ సాక్షి ఏ ఊరు నుంచి వచ్చాడో అడిగితే తెలియదు.

అందుకే 2025 మే 20న మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాకు సంతోషం కలిగించింది. నా సంతోషంలో ఒక భయం కూడా ఉంది. పదేళ్ల అనుభవం ఉన్న ప్లీడరు సర్టిఫికెట్ ఇచ్చి, దాని మీద అక్కడి ప్రిన్సిపల్ జుడీషియల్ ఆఫీసరు ఎండార్స్ చేస్తే చాలు. ఆ మూడేళ్లూ కోచింగ్ సెంటర్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంటే ఈ నిబంధన వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకొకటి, పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి జూనియర్‌గా ఉన్నంతకాలం చేతికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఇంట్లో వాళ్లు మూడేళ్లు ఆగమంటే ఆగుతారా? మా నాన్న ఆగారు. అందరి నాన్నలూ ఆగలేరు. జూనియర్లకి స్టైపెండ్ ఇవ్వకుండా ప్రాక్టీసు అడగడం అన్యాయమని, ఈ విషయం మాట్లాడమని పిలిచిన ప్రతిచోటా చెబుతున్నాను.

రిటైరయ్యాక నా దగ్గరికి పుస్తకాల కోసం వచ్చే ఒక అమ్మాయి జడ్జి పరీక్షకి సిద్ధమవుతోంది. పరీక్ష రాసేవరకూ జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వెళ్లమని చెప్పాను. వెళ్తోంది. మొన్న ఫోను చేసింది. ఒక ముద్దాయి రిమాండులో అరవై రోజులు దాటాడు, అతని మీద పెట్టిన నేరానికి చార్జిషీటు వెయ్యాల్సిన గడువు అదే, ఆలోగా పడకపోతే బెయిల్ అతని హక్కు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 167 ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 187 అయింది, లెక్క మాత్రం పాతదే. చార్జిషీటు పడిందో లేదో తెలియదు, ఒకటి రెండు రోజుల్లో వేస్తామని స్టేషన్లో చెప్పారట, సోమవారం దాకా ఆగమంటారా అని అడిగింది. ఆగొద్దన్నాను. కోర్టు ఆఫీసుకి స్వయంగా వెళ్లి రిజిస్టరు చూడమన్నాను. పడకపోయి ఉంటే బెయిల్ పిటిషన్ ఆ పూటే వెయ్యమన్నాను. పిటిషన్ కంటే ముందు చార్జిషీటు పడితే అతనికి ఆ హక్కు ఉండదు. ఇంకో మాట కూడా చెప్పాను: పిటిషన్ వేసిన టైము కాగితం మీద వేయించుకో, రోజు ఒక్కటే కాదు, గంట కూడా.